ఆ గడిలో వంగపండు పేరు

2020 ఆగస్టు 4, మంగళవారం. పొద్దున్నే బొబ్బిలి నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి, "వంగపండు పోయార్రా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేకపోయాను. కరోనా రోజులు. హైదరాబాద్ నుంచి పార్వతీపురం వెళ్లే దారి లేదు. ఆ రోజు ఒక సీరియల్ ఎపిసోడ్‌కి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఇవ్వాల్సి ఉంటే ఇచ్చేశాను. రాత్రి ఇంటికొచ్చి గిటార్ పట్టుకుని "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" పాడబోతే రెండో చరణం గుర్తు రాలేదు. మాటల కోసం ఫోన్‌లో వెతికాను. పాడినవాళ్ల వీడియోలు బోలెడు కనబడ్డాయి. నేను తెరిచి చూసినవాటిలో సగానికి పైగా కింద "జానపదం" అని రాసి ఉంది. ఆ పాట రాసిన వంగపండు పేరు లేదు.

ఆయన పోయి ఇంకా ఒక రోజు కాలేదు.

నేను పాటలు కట్టడం మొదలుపెట్టిందే ఆయన వల్ల. తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న పార్వతీపురంలో ఏదో సభకు తీసుకెళ్లారు. ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని, భుజాన గొంగళి వేసుకుని ఒక మనిషి వేదిక మీదికి రాగానే వెనక కూర్చున్న ఆడవాళ్లు లేచి ముందుకు రావడం గుర్తుంది. ఆయన నోట్లోంచి వచ్చిన మాటలు మా ఇంట్లో మాటలే. 'ఎల్దం', 'ఏటి', 'బేగి'. బడిలో ఆ మాట నోట జారితే "వెళ్దాం అనాలి" అని సరిచేసేవారు. ఇక్కడ ఈయన అదే మాటని పాట నెత్తిన పెట్టి పాడుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. మా యాసలో కూడా పాట నిలబడుతుందని నాకు ఎవరో చెప్తే తెలియలేదు, ఆ సాయంత్రం చెవులారా విన్నాను.

వంగపండు ప్రసాదరావు గారిది పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి. 1943లో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలికి పునాది వేసినవాళ్లలో ఒకరు. 'భూమి భాగోతం' కట్టారు, వందల పాటలు రాశారు. ఇప్పటి పిల్లలకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. ఆయన పాటల్లో శ్రీకాకుళం పేరు ఎందుకు వస్తుందంటే, గిరిజన రైతాంగ పోరాటం జరిగిన రోజుల్లో పార్వతీపురం ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 1979లో విజయనగరం జిల్లా అయ్యాక అందులోకి వెళ్లింది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. మూడు జిల్లాల పేర్లు మారినా పాటలో పేరు మారలేదు.

ఆల్బమ్ పని నిజంగా మొదలైంది 2022 జనవరిలో. ఆరు పాటలు అనుకున్నాను. ఐదు ఆయనవి, చివరిది ఆయన గురించి నేను రాసుకున్నది. చేతిలో రెండు లక్షల అరవై వేలు ఉన్నాయి. నాలుగు నెలల్లో అయిపోతుందనుకున్నాను. 2023 నవంబర్ దాకా పట్టింది. ఇలాంటి పని తలపెట్టే కుర్రవాళ్లకు ఎక్కడెక్కడ ఆగిపోతామో తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి ఆగుడు హక్కుల దగ్గర. నాకు తెలిసిన ప్రతి మ్యూజిషియనూ ఒకటే మాట అన్నాడు: "ఫోక్ సాంగే కదా, పర్మిషన్ ఎందుకు?" నాకూ సందేహం వచ్చి, కాపీరైట్ కేసులు చూసే ఒక లాయర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. ఊళ్లో తరతరాలుగా పాడుకుంటున్న, రాసిందెవరో తెలియని పాట వేరు. జానపద బాణీలో ఒక మనిషి కూర్చుని రాసిన పాట వేరు. రెండోదానికి హక్కుదారు ఉంటాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. అంటే వంగపండు గారి మాటల మీద హక్కు 2080 ఆఖరి దాకా ఆయన వారసులదో, ఆయన రాసిచ్చినవాళ్లదో. పైగా ఒక పాటలో మూడు హక్కులు ఉంటాయి. మాటలది ఒకటి, బాణీది ఒకటి, రికార్డు చేసిన శబ్దానిది ఇంకొకటి. పాత క్యాసెట్‌లోంచి ఆయన గొంతు తీసుకుని నా పాటలో కలుపుకోవాలంటే మూడోదానికి ఆ క్యాసెట్ వేసినవాళ్లను అడగాలి. నేను కొత్తగా పాడుకుంటే మొదటి రెండూ చాలు.

కవర్ వెర్షన్లకు 31సి అని ఒక సెక్షన్ ఉంది. 2012 సవరణలో వచ్చింది. పాట మొదటిసారి రికార్డయిన ఏడాది ముగిసి ఐదేళ్లు అయ్యాక, ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందే కట్టి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. వినగానే ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆవిడ అసలు సంగతి చెప్పారు. మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలట. మాటలు మార్చడానికి వీల్లేదు. నాలాంటివాడికి అది అయ్యే పని కాదు. "నేరుగా వెళ్లి అడగండి. మీరు చేస్తున్నది ఆయన మీద గౌరవంతో కదా, అదే చెప్పండి" అన్నారు. లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట అన్నారు. ఆ చట్టంలోనే 57వ సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితను వదిలిపోదట. ఆయన పోయాక వారసులు ఆ మాట అడగొచ్చు. ఆ రాత్రి నేను వీడియోల కింద చూసిన 'జానపదం' అన్న మాట మళ్లీ కళ్లముందు కదిలింది.

వైజాగ్ వెళ్లి, అక్కడి నుంచి రాయగడ లైన్ పాసింజర్ ఎక్కి విజయనగరం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం వెళ్లాను. ఆయన ఇంటివాళ్లతో జరిగిన మాటలు ఇక్కడ రాయను, అవి వాళ్లవి. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అన్నం పెట్టి పంపారు. ఐదు పాటలకు స్టాంపు పేపరు మీద అనుమతి రాసుకున్నాం. పాట పేరు, ఏ మాధ్యమంలో వస్తుంది, వచ్చినదాంట్లో వాటా ఎంత, పేరు ఎక్కడెక్కడ ఎలా వెయ్యాలి, అన్నీ విడివిడిగా. సినిమాలకు చేసిన రికార్డింగుల జోలికి నేను పోలేదు. అక్కడ నిర్మాతలు, ఆడియో కంపెనీలు కూడా ఉంటారు.

తర్వాత మాటల సంగతి. ఐదు పాటలకూ నాకు కనీసం మూడేసి పాఠాలు దొరికాయి. సభల దగ్గర అమ్మిన చిన్న పాటల పుస్తకాల్లో ఒకలా, క్యాసెట్లో ఒకలా, పాడేవాళ్ల నోట ఇంకోలా. మొదట్లో టెన్షన్ పడ్డాను, ఏది అసలుది అని. ఎవరో చెప్తే విశాఖ మల్కాపురంలో ఒక పెద్దాయనను వెతుక్కుంటూ వెళ్లాను. షిప్‌యార్డులో రిటైరయ్యారు. ఆ రోజుల్లో వంగపండు గారి వెనక వంత పాడినాయన. డెబ్బై ఆరేళ్లు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

నా నోట్‌బుక్ చూపించి "ఇందులో ఏది కరెక్ట్ బాబాయ్?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని మూడు పాఠాలూ చదివారు. "ఇది మా గేటు కాడ పాడింది. ఇది పలాసలో. ఇదేటో నాకు తెల్దు బాబూ, ఎవులో ఇరికించీసారు" అన్నారు. ఊరిని బట్టి, ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి ఆయన చరణాలు ఎత్తేవారట, దించేవారట. కార్మికులు ఎక్కువుంటే 'యంత్రమెట్టా నడుస్తూ ఉందంటే' అరగంట సాగేదట. అందుకని నేను ఒకటి నిర్ణయించుకున్నాను. నాకు నచ్చిన ముక్కలన్నీ ఏరి కొత్త పాఠం తయారుచెయ్యకూడదు. ఒక పాటకు ఒకచోట పాడిన పాఠాన్నే మొదటి నుంచి చివరి దాకా తీసుకోవాలి. ఎక్కడ పాడిందో కూడా రాయాలి. కుట్టుకుంటూ పోతే అది నా పాట అయిపోతుంది.

ఇక రికార్డింగ్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే. మొదట మూడు పాటలు హైదరాబాద్‌లోనే చేసేశాను. చెవిలో టక్ టక్ మని తాళం వేసే క్లిక్ ట్రాక్ పెట్టుకుని, కంప్యూటర్‌లో ఉన్న డప్పు శాంపిల్స్‌తో లూప్ కట్టి, దాని మీద గిటార్, దాని మీద నా గొంతు. శుభ్రంగా, ఎక్కడా తాళం తప్పకుండా వచ్చింది. పట్టుకెళ్లి బాబాయ్‌కి వినిపించాను. పూర్తిగా విన్నారు. ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, "అంతా బాగుంది గానీ, నడక లేదేటి?" అన్నారు.

నడక అంటే లయ అనుకున్నాను. ఆయన లేచి నిలబడి, గుమ్మం నుంచి వంటింటి దాకా పాట పాడుతూ నడిచి చూపించారు. మోకాళ్ల నొప్పులు. అయినా పాదం పడిన చోటే మాట పడుతోంది. చరణం చివర ఊపిరి తీసుకోడానికి అర అడుగు ఆగుతున్నారు, డప్పు అక్కడ ఆయన కోసం ఆగాలి. జనంలోంచి ఎవరైనా గొంతు కలిపితే అడుగు వడి పెరగాలి. పాట పేరే 'ఎల్దమొస్తవా' కదా. రమ్మని పిలుస్తున్న మనిషి ఒకచోట నిలబడి పిలవడు. నేను చేసినదాంట్లో మనిషి నిలబడిపోయాడు. మూడు పాటలూ పక్కన పెట్టేశాను. దాదాపు డెబ్బై వేలు అందులోనే అయిపోయాయి.

రెండోసారి మల్కాపురంలోనే చేశాం. డప్పులకు పార్వతీపురం వైపు నుంచి ముగ్గురు వచ్చారు, జముకుకు ఒకరు. తెలియనివాళ్లకు చెప్పాలి: జముకు ఉత్తరాంధ్ర వాద్యం. ఒకవైపు తోలు మూసిన చిన్న పాత్ర, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ. పాత్రను చంకలో బిగించి, తీగను లాగి పట్టుకుని మీటుతుంటే, లాగుడును బట్టి స్వరం పైకీ కిందికీ జారుతుంది. మనిషి మూలిగినట్టూ ఉంటుంది, నవ్వినట్టూ ఉంటుంది. దాన్ని మైక్‌తో పట్టుకోవడం చాలా కష్టమైంది. తోలు వైపు పెడితే ఉత్త దెబ్బే వినబడుతోంది. తీగ వైపు పెడితే గీర. చివరికి వాయించేవాడి చెవి దగ్గర పెట్టాం. ఆయనకు వినబడేదే మనకూ వినబడాలి కదా.

మొదటి రోజు స్టూడియో పద్ధతిలో డప్పులను ఒక గదిలో, పాడేవాళ్లను ఒక గదిలో ఉంచాం. ఒక్క టేకూ రాలేదు. డప్పు వాయించే పెద్దాయన హెడ్‌ఫోన్స్ తీసేసి, "మేము పాడినోడి కాళ్లు చూసి కొడతాం బాబూ. గోడని చూసి ఎలా కొడతాం?" అన్నారు. దాంతో స్టూడియో వదిలేసి, ఒక కల్యాణ మండపం మేడ మీద హాలు రెండు రోజులకు తీసుకున్నాం. పరుపులు తెచ్చి గోడలకు నిలబెట్టాం. నేను గజ్జె కట్టాను. జీవితంలో మొదటిసారి. డప్పులు నాకు పన్నెండు అడుగుల దూరంలో, నా కాళ్లు కనబడేలా. నా గొంతు మైక్‌లోకి డప్పు చొరబడుతుందని తెలుసు. మిక్సింగ్‌లో కష్టపడదాం అనుకున్నాం, పడ్డాం.

ఇంకో చిక్కు తేమ. విశాఖ గాలికి డప్పు తోలు ఇరవై నిమిషాల్లో వదులైపోతుంది. మంట మీద కాచాలి. హాల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి మేడ మెట్ల కింద, ఖాళీ స్థలంలో గడ్డి, పాత అట్టముక్కలు వేసి మంట పెట్టారు. ప్రతి టేక్‌కీ ముగ్గురూ డప్పులు పట్టుకుని కిందికి దిగడం, తోలును మంటకు చూపిస్తూ వేలితో కొట్టి వినడం, కంగుమనగానే పరుగెత్తుకుంటూ మెట్లెక్కి రావడం. ఆ వేడి ఆరేలోపు టేక్ అయిపోవాలి. అదే మంచిదైంది. ఇంకోసారి చేద్దాం, ఇంకోసారి చేద్దాం అనే నా అలవాటు అక్కడితో పోయింది. 'ఏం పిల్లడో' మూడో టేక్ తీసుకున్నాం. తర్వాత కొలిచి చూస్తే, పాట నిమిషానికి 96 దెబ్బలతో మొదలై 108 దగ్గర ఆగింది. ఎక్కడ పెరిగిందో వింటే తెలియదు. వంత పాడడానికి వచ్చిన బాబాయ్ కుర్చీలోంచి లేచింది మాత్రం ఆ పెరిగిన చోటే.

మిక్సింగ్ జరుగుతుండగా 2023 ఆగస్టు 6న, జననాట్యమండలిలో వంగపండు గారి సహచరుడు గద్దర్ పోయారు. వంగపండు గారి మూడో వర్ధంతి అయి రెండు రోజులే. ఆ రోజు బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "ఇద్దరూ ఎలిపోయారు" అని పెట్టేశారు. వారం దాకా నేను మళ్లీ చెయ్యలేదు.

విడుదల సులువుగా అవుతుందనుకున్నాను. యాప్‌లలో పాట పెట్టాలంటే మధ్యలో ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఉంటుంది. దాని ఫారంలో ప్రతి పాటకూ గడులుంటాయి: గాయకుడు, రచయిత, స్వరకర్త, ఒక్కో రికార్డింగుకు గుర్తుగా ఇచ్చే ఐఎస్ఆర్‌సీ నంబరు. రచయిత గడిలో, స్వరకర్త గడిలో అనుమతి పత్రంలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఆయన పేరు నింపాను. మొదటి పాట బయటికి వచ్చిన రోజు ఉదయం ఐదు గంటలకు లేచి యాప్ తెరిచాను. పాట ఉంది. రచయిత: 'ట్రెడిషనల్'. స్వరకర్త: 'ట్రెడిషనల్'.

మూడేళ్ల కింద ఆ రాత్రి చూసిన మాటే. ఈసారి నా ఆల్బమ్ మీద.

పాట కేటగిరీ 'ఫోక్' అని పెట్టినందుకు వాళ్ల దగ్గర ఎవరో మార్చేశారు. మెయిల్ పెడితే అందరికీ పంపే ఒకే మాదిరి జవాబు వచ్చింది. మళ్లీ పెట్టాను. ఈలోగా ఇంకో దెబ్బ. అదే పాటను ఎప్పుడో రికార్డు చేసిన మరో కంపెనీ నుంచి నా వీడియో మీద క్లెయిమ్ పడింది, ఇది మాది అని. రికార్డింగ్ నాది, మాటలు వంగపండు గారివి, అనుమతి నా చేతిలో ఉంది. స్టాంపు పేపర్లు స్కాన్ చేసి రెండు చోట్లకూ పంపాను. క్లెయిమ్ పన్నెండు రోజుల్లో తీసేశారు. పేరు మారడానికి ఇరవై మూడు రోజులు పట్టింది, పదకొండు మెయిళ్లు. మిగతా ఐదు పాటలనూ పేరు సరయ్యేదాకా ఆపేశాను. విడుదల ఊపు పోతుందని స్నేహితులు బాధపడ్డారు. పోతే పోనీ అన్నాను. ఆ గడి ఖాళీగా వదిలేసి ఇంకేం చేసినా ఇది నివాళి అవ్వదు. మీరెవరైనా ఇలాంటి పాట చేస్తుంటే, కేటగిరీ నింపేముందే కంపెనీకి అనుమతి పత్రం పంపి, మెయిల్లో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

నవంబర్‌లో అన్ని పాటలూ వచ్చాక డప్పు వాయించిన పెద్దాయన ఫోన్ చేసి, "మా పేర్లున్నాయా బాబూ?" అని అడిగారు. నేను ఇచ్చాను గానీ యాప్‌లో కనబడలేదు. ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. మర్నాడే ఒక పుస్తకం వేద్దామని నిర్ణయించుకున్నాను, ఆ రోజుల్లో సభల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల సైజులో. పదహారు పేజీలు, మూడు వందల కాపీలు. పాటలు, ఏ పాఠం ఎక్కడిది, డప్పు ఎవరు, జముకు ఎవరు, వంత ఎవరు. అట్ట మీద వంగపండు గారి పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో.

కట్టలు మల్కాపురం బాబాయ్ ఇంటికే తెప్పించాను. ఆయన ఒకటి తీసి, మంచం మీద కూర్చుని మెల్లగా చదువుతూ ఐదో పేజీ దగ్గర ఆగారు. నావైపు తిప్పి చూపించారు. డీటీపీ చేసిన అబ్బాయి తప్పు దిద్దుతున్నాననుకుని 'ఎల్దమొస్తవా' అన్నదాన్ని 'వెళ్దామొస్తావా' చేసేశాడు. పేజీలో నాలుగు చోట్ల. ప్రూఫులో నేను చూసుకోలేదు.

"ఇప్పుడేటి సేద్దాం?" అన్నారు.

మళ్లీ వేయించడానికి డబ్బుల్లేవు. ఆయన లోపలికి వెళ్లి మనవరాలి జామెట్రీ బాక్సులోంచి రెండు నల్ల పెన్నులు తెచ్చారు. 'వె' కొట్టేసి పైన 'ఎ', 'ళ' కొట్టేసి పైన 'ల', దీర్ఘాలు కొట్టివేత. ఒక్కో పుస్తకానికి నాలుగు చోట్ల. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. రాత్రి ఎనిమిదింటికి నూట నలభై పుస్తకాలు అయ్యాయి. మనవరాలు మూడో పెన్ను పట్టుకుని వచ్చి మా పక్కన కూర్చుంది.